సముద్రంలో ఈదితే జీపీఎస్ వాచీ ఎంత నిజం చెబుతుంది? చెన్నై తీరంలో మీరే పరీక్షించుకునే పద్ధతి

తమిళనాడు తీరంలో జరిగిన ఒక 5 కిలోమీటర్ల ఈతపోటీ కోసం నేను మూడు నెలలు సాధన చేశాను. ప్రతి ఆదివారం తెల్లారకముందే బెసంట్ నగర్ చేరడం, మా గుంపుతో పాటు సముద్రంలో దిగి ఒడ్డు వెంబడి ఈదడం, బయటికి రాగానే వాచీ చూసుకోవడం. చివరి వారాల్లో వాచీ నాలుగున్నర కిలోమీటర్లు అని చూపించేది. ఇంకో అర కిలోమీటరే కదా అని ధైర్యంగా ఉన్నాను. పోటీ రోజున నాలుగో కిలోమీటరు పూర్తికాకుండానే భుజాలు పట్టేశాయి. గడువు దాటిపోయింది. రక్షణ పడవ ఎక్కాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక వాచీ నమోదు చేసిన పాత ఫైళ్లన్నీ మ్యాపు మీద వేసి చూశాను. నాలుగున్నర అనుకున్న రోజుల్లో నేను నిజంగా ఈదింది నాలుగు కూడా లేదు. మిగిలినదంతా నేను ఎన్నడూ వెళ్లని వంకర గీతల పొడవు. ఆ తర్వాత వాచీ అంకెను గుడ్డిగా నమ్మడం మానేసి, దాని తప్పు ఎంతో కొలవడం నేర్చుకున్నాను. ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. మీ వాచీ, ఒక పాత ఫోను, అయిదారు ఆదివారాలు చాలు.

మొదలుపెట్టే ముందు

చెన్నై సముద్రం ప్రశాంతంగా కనిపించినా నమ్మదగినది కాదు. మెరీనాలో ఈతకు పోలీసులు అనుమతించరు, దానికి కారణం అక్కడ పోయిన ప్రాణాలే. ఇలియట్స్ బీచ్‌లో తెల్లగా నిలబడి ఉన్న ష్మిట్ స్మారకం కూడా 1930లో మునిగిపోతున్న మనిషిని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న కార్ల్ ష్మిట్ జ్ఞాపకమే. అందుకే ఇక్కడ చెప్పే ఏ పరీక్షనూ ఒంటరిగా చేయకండి. ఆ నీళ్లు తెలిసిన శిక్షకుడు, పక్కన కయాక్, నడుముకు రంగు టో ఫ్లోట్ (తాడుతో మన వెనకే తేలుతూ వచ్చే గాలి సంచి) ఉన్నప్పుడే దిగండి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, పరీక్షలు మానుకోవడమే మంచిది.

నీళ్లలో వాచీకి ఏమవుతుంది

ఇది అర్థమైతే తర్వాతి అడుగులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

జీపీఎస్ ఉపగ్రహాలు మన పైన సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. వాటి సంకేతం భూమిని చేరేసరికే చాలా బలహీనపడి ఉంటుంది. గాలిలో అది హాయిగా ప్రయాణిస్తుంది కానీ, ఉప్పునీళ్లలో సెంటీమీటరు లోతుకే చాలా భాగం ఇంకిపోతుంది. మూడు నాలుగు సెంటీమీటర్లు దాటితే వాచీకి మిగిలేది ఏమీ ఉండదు. అంటే చెయ్యి నీళ్లలో ఉన్నంతసేపూ వాచీ గుడ్డిదే.

ఇప్పుడు ఫ్రీస్టైల్, అంటే మన బార ఈత సంగతి చూడండి. నిమిషానికి రెండు చేతులూ కలిపి 60 బారలు వేస్తున్నారనుకుందాం. ఒక్కో చేతికి ఒక చుట్టు పూర్తవడానికి రెండు సెకన్లు. అందులో ఆ చెయ్యి గాలిలో ఉండేది అర సెకను, మహా అయితే ముప్పావు సెకను. ఆ కాసేపట్లో వాచీ ఉపగ్రహాలను మళ్లీ పట్టుకోవాలి, స్థానం లెక్కగట్టాలి, అది నమ్మదగినదో కాదో తేల్చుకోవాలి. అంతలో చెయ్యి మళ్లీ మునుగుతుంది. వెల్లకిల ఈతలో కూడా చెయ్యి గాలిలోకి లేస్తుంది కనుక ఫరవాలేదు. కప్ప ఈతలో మాత్రం మణికట్టు దాదాపు నీళ్లలోనే ఉంటుంది. కప్ప ఈతలో మణికట్టు వాచీ చూపే దూరాన్ని అసలు లెక్కలోకి తీసుకోకండి.

ఆరుబయట, పొడి నేల మీద మామూలు ఫోను జీపీఎస్‌కే సుమారు 5 మీటర్ల తేడా ఉంటుంది. నీళ్లలో ముక్కలుముక్కలుగా అందే సంకేతంతో అది ఇంకా పెరుగుతుంది. అయితే స్థానంలో కొద్ది మీటర్ల తేడా వస్తే మొత్తం దూరంలో అంత తప్పు ఎలా వస్తుందని నాకూ మొదట అర్థం కాలేదు. కాగితం మీద లెక్క వేస్తే తేలింది.

మీరు తిన్నగా ఒక కిలోమీటరు ఈదారు. వాచీ ప్రతి 10 మీటర్లకు ఒక బిందువు పెట్టింది. కానీ ఒక బిందువు 3 మీటర్లు ఎడమకు, తర్వాతది 3 మీటర్లు కుడికి పడింది. అంటే రెండు బిందువుల మధ్య అడ్డంగా 6 మీటర్లు, నిలువుగా 10 మీటర్లు. ఆ ఏటవాలు గీత పొడవు 11.66 మీటర్లు. అలా కిలోమీటరంతా కలిపితే 1166 మీటర్లు, అంటే దాదాపు 17 శాతం ఎక్కువ. అదే తప్పుతో వాచీ 50 మీటర్లకు ఒక బిందువు మాత్రమే ఉంచుకుంటే, ప్రతి ముక్క 50.36 మీటర్లు. తేడా ఒక్క శాతం కూడా రాదు.

వాచీల్లో ఉండే ఓపెన్ వాటర్ మోడ్ చేసే పని ఇదే. అనుమానంగా ఉన్న బిందువులను పారేసి, మిగిలిన కొన్నింటిని నున్నగా కలుపుతుంది. దానికీ ఒక ఖరీదు ఉంది. మీరు ఒక బోయా (నీళ్ల మీద తేలే గుర్తు) దగ్గర 90 డిగ్రీలు తిరిగారనుకోండి. మలుపుకు 30 మీటర్ల ముందు ఒక బిందువు, 30 మీటర్ల తర్వాత ఒక బిందువు మిగిలితే, మీరు ఈదిన 60 మీటర్లు వాచీ లెక్కలో 42 మీటర్లవుతాయి. కాబట్టి తిన్నని దారిలో ఎక్కువ చూపించే వాచీయే మలుపుల దారిలో తక్కువ చూపించవచ్చు. "మా వాచీ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది" అని ఒక్క మాటలో తేల్చేయడం అందుకే సరికాదు.

మొదటి అడుగు: సెట్టింగులు

స్విమ్ మోడ్‌లు రెండు ఉంటాయి. పూల్ మోడ్‌లో జీపీఎస్ ఉండదు. చేతి కదలికనూ, మీరిచ్చిన కొలను పొడవునూ బట్టి అది లెక్కిస్తుంది. సముద్రానికి ఓపెన్ వాటర్ మోడ్ ఎంచుకోండి. రన్నింగ్ మోడ్ పెట్టి చేతికి కట్టుకుని దిగితే పైన చెప్పిన 17 శాతం లాంటి తప్పులకు తలుపు తెరిచినట్టే. మీరు ఆగారనుకుని వాచీ తనంతట తానే నమోదు ఆపేసే ఆటో పాజ్‌ను తీసేయండి. బిందువుల నమోదును ప్రతి సెకనుకు పెట్టే వీలుంటే పెట్టండి. ఉపగ్రహ వ్యవస్థల్లో ఒక్క జీపీఎస్ కాకుండా గ్లోనాస్, గెలీలియో లాంటివి కూడా కలిసిన ఎంపిక తీసుకోండి. చెయ్యి లేచిన ఆ అర సెకనులో ఆకాశంలో ఎన్ని ఎక్కువ కనిపిస్తే అంత మంచిది.

మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ గురించి మనవాళ్లు ఎక్కువగా అడుగుతారు. 2023 మే 29న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో నావిక్ కూడా మామూలు వాచీలు వినే ఎల్1 పౌనఃపున్యంలో మాట్లాడటం మొదలుపెట్టింది. మీ వాచీ మెనూలో నావిక్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే దానికోసం వాచీ మార్చాల్సిన పని లేదు.

డ్యూయల్ ఫ్రీక్వెన్సీ అని ఎక్కువ ధరకు అమ్మే వాచీలు 1575.42 మెగాహెర్ట్జ్‌తో పాటు 1176.45 మెగాహెర్ట్జ్‌ను కూడా వింటాయి. అన్నా సాలైలో పెద్ద భవనాల మధ్య పరుగెత్తేవారికి అది నిజంగా పనికొస్తుంది, గోడలకు తగిలి వచ్చే సంకేతాలను వేరు చేయగలదు కనుక. సముద్రం మీద భవనాలు లేవు, నీళ్లేమో ఆ రెండింటినీ మింగేస్తాయి. కేవలం సముద్రపు ఈత కోసమే ఆ డబ్బు పెట్టొద్దని నా సలహా.

రెండో అడుగు: ఒడ్డున మూడు నిమిషాలు

అందరూ తొందరపడేది ఇక్కడే, తేలిగ్గా సరిదిద్దుకోగలిగేదీ ఇదే. ప్రతి ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకు ఒకసారి పంపుతుంది. కొత్తగా ఆన్ చేసిన వాచీ ఆ వివరాలను మధ్యలో తెగిపోకుండా వినాలి. నీళ్లలో దిగాక వాచీకి 30 సెకన్లు కాదు కదా, వరుసగా ఒక్క సెకను కూడా దొరకదు. ఒడ్డున సరిగ్గా పట్టుకోకుండా దిగితే మొదటి కొన్ని వందల మీటర్లు గాలిలో కలిసిపోతాయి.

ముందురోజు రాత్రి వాచీని ఫోనుతో సింక్ చేయండి. చాలా వాచీలు ఆ కక్ష్య వివరాలను అప్పుడే ముందుగా దింపుకుంటాయి. ఉదయం ఇసుక మీదికి వచ్చాక మోడ్ తెరిచి, వాచీ ముఖం ఆకాశానికి చూపిస్తూ ఉంచండి. సిద్ధమని చూపించాక కూడా రెండు మూడు నిమిషాలు ఆగండి. టోపీ, గాగుల్స్ పెట్టుకునేలోపు ఆ సమయం ఎలాగూ గడిచిపోతుంది. అలలు విరిగే చోటు దాటి, నీళ్లు తేటపడ్డాక చెయ్యి పైకెత్తి స్టార్ట్ నొక్కండి. ఆపేటప్పుడూ అంతే, చెయ్యి గాలిలో పెట్టి రెండు మూడు సెకన్లు ఆగి నొక్కండి. ఒడ్డుకొచ్చి కబుర్లు చెప్పుకుంటూ ఆపడం మరిచిపోతే ఆ నడక కూడా ఈతలో కలిసిపోతుంది.

మూడో అడుగు: నిజమైన దూరాన్ని పట్టుకోవడం

పరీక్ష అంటే దేనితోనో పోల్చాలి. ఇద్దరి వాచీలు పోల్చుకుని సరిపెట్టుకుంటే లాభం లేదు, రెండూ తప్పే కావచ్చు.

నాకు బాగా పనికొచ్చిన పద్ధతి మత్స్యకారులది. ఊరూర్ కుప్పం లాంటి పల్లెల్లో పడవవాళ్లు ఒడ్డు మీద ముందొకటి వెనకొకటి ఉన్న రెండు గుర్తులు ఒకే వరుసలోకి వచ్చాయా అని చూసి తాము ఎక్కడున్నారో తెలుసుకుంటారు. మీరూ అలాగే చేయండి. బీచ్ మీద ఒక దీపస్తంభం, దాని వెనక ఏదో భవనం మూల. ఆ రెండూ కలిసే గీత మీ ప్రారంభం. దూరంగా ఇంకో జంటను ఎంచుకోండి. అది మీ ముగింపు. రెండు గీతలూ ఒడ్డుకు లంబంగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండేలా గూగుల్ ఎర్త్‌లో చూసి ఎంచుకోవాలి. అప్పుడు మీరు ఒడ్డుకు 100 మీటర్ల దూరంలో ఈదినా, 200 మీటర్ల దూరంలో ఈదినా ఆ రెండు గీతల మధ్య దూరం మారదు. ఆ దూరాన్ని గూగుల్ ఎర్త్ రూలర్‌తో కొలిచి రాసి పెట్టుకోండి. ఒక కిలోమీటరుకు దగ్గరగా ఉంటే లెక్క సులువు.

చెన్నై తీరానికి ఒక సౌకర్యం ఉంది. అది దాదాపు ఉత్తర-దక్షిణంగా సాగుతుంది. అందువల్ల ఫైలులో మొదటి బిందువు, చివరి బిందువు అక్షాంశాలు చూస్తే చాలు. ఇక్కడ ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110.6 కిలోమీటర్లు. 0.009 డిగ్రీల తేడా ఉంటే మీరు 995 మీటర్లు కదిలారన్నమాట. తీరం కాస్త ఒరిగి ఉంటుంది కనుక ఒకటి రెండు శాతం అటూఇటూ అవుతుంది, కానీ మధ్యలోని వంకర గీతల ప్రభావం ఈ లెక్క మీద అసలు పడదు. నా పాత ఫైళ్ల బండారం బయటపడింది ఈ చిన్న తీసివేతతోనే.

నాలుగో అడుగు: టో ఫ్లోట్‌లో రెండో సాక్షి

మణికట్టు వాచీతో పాటు ఇంకో పరికరాన్ని నీటి పైన ఉంచాలి. లోపల సామాను పెట్టుకునే డ్రై బ్యాగ్ రకం టో ఫ్లోట్ కొనండి. పాత వాచీనో, ఫోనునో ఇంకో వాటర్‌ప్రూఫ్ కవరులో పెట్టి, ఫ్లోట్ పైభాగానికి దగ్గరగా, తిరగబడకుండా కట్టండి. అది ఈదే చేతిలో లేదు కనుక ఓపెన్ వాటర్ మోడ్ పెట్టొద్దు, ఆ మోడ్ చేతి కదలికను ఆశిస్తుంది. నడక మోడ్ పెట్టండి. ఆకాశం మొత్తం ఎప్పుడూ కనిపిస్తుంది కనుక దాని గీత నున్నగా, నమ్మకంగా వస్తుంది.

వాచీని స్విమ్ క్యాప్ కింద, తల వెనక పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. మణికట్టు కంటే అది మెరుగే. కానీ అల కొట్టి క్యాప్ జారితే వాచీ బంగాళాఖాతం పాలు. క్యాప్ లోపల పెట్టేవారు పట్టీని గాగుల్స్ తాడుకు కూడా తగిలించుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి. ఫ్లోట్‌లోని పరికరానికి బారల సంఖ్య తెలియదు. నాడి అంతకన్నా తెలియదు. మణికట్టు మీద వాచీ కొలిచే నాడిని కూడా నీళ్లలో నేను నమ్మను, చర్మానికీ వాచీకీ మధ్య నీళ్లు చేరుతుంటాయి. నాడి కావాలంటే లోపల మెమరీ ఉన్న ఛాతీ పట్టీ కట్టుకోండి. బ్లూటూత్ కూడా నీళ్లలో పనిచేయదు కనుక అది తనలో దాచుకుని, బయటికి వచ్చాక వాచీకి అందిస్తుంది.

ఐదో అడుగు: ఈదడం, అయిదుసార్లు

ఒకే దారిలో, వేర్వేరు రోజుల్లో కనీసం అయిదుసార్లు ఈదండి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పొద్దు. వీలైతే సముద్రపు గాలి లేవకముందే, ఉదయం ఆరు ఏడు గంటల మధ్య. ఎండ ఎక్కేకొద్దీ అలలు చిందరవందర అవుతాయి, చెయ్యి ఎత్తేటప్పుడు వాచీ మీద నీళ్లు పడుతూనే ఉంటాయి.

వాచీ కోసం మీ బార మార్చుకోకండి. మధ్యలో ఆగి నీళ్లు తాగేటప్పుడు మాత్రం వాచీ ఉన్న చేతిని ఫ్లోట్ మీద ఆనించండి. నీళ్లలో నిలబడి చేతులు ఆడిస్తూ ఉంటే వాచీకి మీరు ఉన్నారో లేరో తెలియదు, మళ్లీ కనిపించినప్పుడు ఎక్కడో బిందువు పెడుతుంది.

వాచీ బారల సంఖ్యను ఒక చేతికే లెక్కిస్తుంది. అది కూడా రాసుకోండి. వేళచ్చేరి ఆక్వాటిక్ కాంప్లెక్స్ లాంటి 50 మీటర్ల కొలనులో అదే వేగంతో ఈది, ఆ చేత్తో 50 మీటర్లకు ఎన్ని బారలు పడుతున్నాయో ముందే చూసుకోండి. 22 అనుకుంటే, కిలోమీటరుకు 440. సముద్రంలో 440 బారలకే వాచీ 1200 మీటర్లు అంటే, ఒరవడి, అంటే సముద్రంలో నీటి ప్రవాహం, మిమ్మల్ని తోసి ఉండాలి, లేదా వాచీ పొరబడి ఉండాలి. వాటిలో ఏది నిజమో ఫ్లోట్‌లోని పరికరం చెబుతుంది.

ఆరో అడుగు: అంకెలు చదవడం

ఫైళ్లను జీపీఎక్స్ రూపంలో దింపుకుని రెండు గీతలనూ ఒకే మ్యాపు మీద వేయండి. వాచీ తెర మీది దూరం, ఫైలులోని బిందువులను కలిపితే వచ్చే దూరం ఒకటే కానక్కర్లేదు, రెండూ రాసుకోండి.

ఉదాహరణకు నిజమైన దూరం 1000 మీటర్లు. ఒక వాచీ అయిదు రోజుల్లో 1040, 1075, 1030, 1060, 1045 చూపించింది. సగటు 1050. ఇంకో వాచీ 930, 1110, 985, 1080, 895 చూపించింది. దాని సగటు సరిగ్గా 1000. చూడగానే రెండోది మంచిదనిపిస్తుంది. సాధనకు నాకు మొదటిదే కావాలి. అది ఎప్పుడూ ఒకే వైపు, ఇంచుమించు ఒకే మోతాదులో తప్పుతోంది. చూపించిన దూరాన్ని 1.05తో భాగిస్తే ఏ రోజుకారోజు నిజానికి చాలా దగ్గరకు వస్తాను. రెండోదాన్ని ఏ లెక్కతోనూ సరిచేయలేం. ఈ రోజు 895 అంటుందో, 1110 అంటుందో తెలియదు.

గీత ఆకారాన్ని కూడా చూడండి. ఫ్లోట్ గీత, మణికట్టు గీత రెండూ ఒకే చోట సముద్రం వైపు వంగితే అది వాచీ తప్పు కాదు, మీరే దారి తప్పారు. తల ఎత్తి గుర్తు చూసుకోవడం తగ్గిందన్నమాట. ఒక్క మణికట్టు గీతే పళ్ల చక్రంలా ఉంటే అది సంకేతం లోపం.

ఏడో అడుగు: ఒరవడిని వాచీ తప్పుగా పొరబడకుండా ఉండటం

వాచీ భూమి మీద దూరాన్ని కొలుస్తుంది. మీరు ఈదేది కదిలే నీళ్లలో. చెన్నై తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో ఒడ్డు వెంబడి ఒరవడి ఎక్కువగా ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి ఉంటుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయే ఇసుకే ఎక్కువ. చెన్నై నౌకాశ్రయం కట్టాక దానికి దక్షిణాన మెరీనా అంత వెడల్పైన బీచ్‌గా పెరగడానికి, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఒడ్డును తినేయడానికి కారణం అదే.

నిలకడ నీళ్లలో మీకు 100 మీటర్లకు 2 నిమిషాలు పడుతుందనుకోండి. సెకనుకు 0.2 మీటర్ల చిన్న ఒరవడి ఉన్నా, దానితో పాటు ఈదితే 1 నిమిషం 37 సెకన్లు, ఎదురీదితే 2 నిమిషాల 38 సెకన్లు వస్తాయి. రెండింట్లోనూ వాచీ నిజమే చెప్పింది. అందుకే వేగం చూసుకునే రోజున పోయి రావడం తప్పనిసరి. అప్పుడు కూడా సగటు 2 నిమిషాల 7 సెకన్లు వస్తుంది కానీ 2 నిమిషాలు రాదు, ఎదురీతలో ఎక్కువ సమయం గడుపుతారు కనుక. ఇది తెలియక తన వేగం తగ్గిపోయిందని టెన్షన్ పడిన కుర్రాళ్లను మా గుంపులోనే చూశాను. ఎప్పుడూ ముందు ఎదురీదండి. అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు నీళ్లే సాయం చేస్తాయి.

ఎనిమిదో అడుగు: పుస్తకం

నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. తేదీ, దిగిన సమయం, గాలి, ఒరవడి ఎటు ఉంది, గుర్తుల మధ్య దూరం, మణికట్టు వాచీ దూరం, ఫ్లోట్ దూరం, ఒక చేతి బారలు. ఇంతే. వాచీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే ఆ తేదీ పక్కన ఎర్ర గీత గీస్తాను, ఎందుకంటే బిందువులను పారేసే లెక్క మారి ఉండవచ్చు. అప్పుడు పాత 1.05 పనికిరాదు, మళ్లీ రెండు మూడుసార్లు పరీక్షించాలి. వాచీ మార్చినా, కట్టుకునే చెయ్యి మార్చినా అంతే.

పోటీకి సాధన చేసేటప్పుడు వారం మొత్తం దూరాన్ని ఫ్లోట్ పరికరం అంకెతోనే కూడతాను, మణికట్టు వాచీని బారల లయ చూసుకోవడానికి వాడతాను. 5 కిలోమీటర్ల పోటీకి ముందు ఫ్లోట్ లెక్కలో 5 కిలోమీటర్లు కనీసం రెండుసార్లు పూర్తయితేనే ఫారం నింపుతాను. ఈ ఏడాది ఆ రెండోసారి పూర్తయిన రోజున మణికట్టు వాచీ 5.34 అని చూపించింది. ఫ్లోట్‌లో 5.06. పుస్తకంలో రెండూ రాసి, రెండో అంకె కింద గీత గీసి, మర్నాడు ఫారం పంపాను.